నలభై కొసరు బకెట్లు

ఒక్క పైసా తీసుకోకుండా నలభై బకెట్లు ఇచ్చి, కెనడాలో నడుస్తున్న ఒక ఫ్యాక్టరీని రెండు రోజులు ఆపించిన వ్యాపారిని కామారెడ్డి బజారులో నేనొక్కణ్నే. నాకంటే పెద్ద దుకాణాలున్నాయి, నాకంటే పాత దుకాణాలున్నాయి. కానీ గల్లపెట్టె ముందు నుంచి కదలకుండా సముద్రాల అవతల మిషన్లు బందు పెట్టించిన ఘనత ఇంకెవరికైనా ఉంటే తీసుకొచ్చి చూపించండి, చాయ్ నేను తాగిస్తాను.

మా తాతది కిరాణం, మా బాపుది ఇనుప సామాన్ల దుకాణం. మా వాడకట్టులో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. అందులో మా బాపు నాకు మొట్టమొదట నేర్పింది కొసరు. కిలో మేకులు కొన్నవాడికి పైన గుప్పెడు మేకులు, పది బోల్టులు కొన్నవాడికి ఒక నట్టు. "కొసరు ఇచ్చిన చెయ్యి గిరాకీకి యాదికుంటదిరా. ఏమిచ్చినవన్నది యాదికుండది" అనేవాడు. అందుకని మా కొసరు మేకులకు కొంచెం తుప్పు ఉండేది. అమ్ముడుపోయేదాన్ని కొసరుగా ఇచ్చేవాణ్ని మా బజారులో పిచ్చివాడంటారు.

2009 వానాకాలంలో ఒకాయన దుకాణానికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, మామూలు చొక్కా, కాళ్లకు చెప్పులు, ప్యాంటు అంచుకి ఎల్లారెడ్డి బస్సు దుమ్ము. ఏదో రైస్ మిల్లులో మెకానిక్ అనుకున్నాను. మేం మిల్లులకు సామాను ఇచ్చేవాళ్లం. వడ్లు కింది నుంచి పైఅంతస్తుకు ఎక్కడానికి ఒక పెద్ద పట్టా గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానికి వరసగా దోసెడంత ఇనుప గిన్నెలు బోల్టులతో బిగించి ఉంటాయి. అవి కింద వడ్లను ముంచుకుని పైన గుమ్మరించి వస్తాయి. వాటినే ఎలివేటర్ బకెట్లంటాం. కామారెడ్డిలోనే ఒక ప్రెస్సులో రేకు కొట్టించి నేను వాటిని అమ్మేవాణ్ని.

ఆయన ఒక బకెట్ చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత?"

"నూట అరవై."

నూట పదికి ఇవ్వడానికి నేను సిద్ధం. ధర చెప్పాక వచ్చే నిశ్శబ్దం గిరాకీ ఆస్తి. అందులోంచి ఆయన సగానికి అడగాలి, నేను గుండె పట్టుకోవాలి, అప్పుడు కథ నడుస్తుంది. ఆయన అడగలేదు. బకెట్ తిరగేసి, అంచును బొటనవేలితో నొక్కి చూసి, పెన్సిల్ అడిగి, మా గోడ మీది క్యాలెండర్లోంచి అయిపోయిన నెల కాగితం చింపి వెనక రాయడం మొదలుపెట్టాడు. రేకు బరువు, రేకు ధర, ప్రెస్సు కూలి, తరుగు, ఆటో కిరాయి.

"గీడికి డెబ్బై ఎనిమిది అయితది" అన్నాడు. "నీ లాభం ఎంత గావాలె?"

నాకు పడేది డెబ్బై తొమ్మిది. ఒక్క రూపాయి తప్పాడులే అని లోపల సంతోషించాను. సాయంత్రం లెక్క చూసుకుంటే తప్పింది ఆయన కాదు, ప్రెస్సువాడు నా దగ్గర బకెట్‌కు రూపాయి ఎక్కువ తీసుకుంటున్నాడు. అది తర్వాతి సంగతి. ఇరవై రెండేళ్లుగా గల్ల మీద కూర్చున్నాను, నీ లాభం ఎంత కావాలని నన్ను ఎవరూ అడగలేదు. దొంగను పట్టుకుని నీకెంత కావాలని అడిగితే వాడేం చెబుతాడు?

"మీరెంతిస్తరు?" అన్నాను.

"నాకేం ఎరుక? దుకాణం నీది."

సిగ్గుతో పదిహేడు అన్నాను. సరే అన్నాడు. తొంభై ఐదు. రేకు ధర పెరిగితే పెంచమన్నాడు, తగ్గితే తగ్గించమన్నాడు. బేరమే లేకుండా ముగిసిన బేరం అది. ఆ రోజు అన్నం సహించలేదు.

"దుబాయ్‌ల ఉంటరా అన్నా?" అని అడిగాను. మా దగ్గర ఊరు దాటినవాళ్లందరిదీ దుబాయే.

"కెనడల. గోధుమలు ఎక్కించే మిషన్లు తయారుజేస్త."

చేస్తాడంటే ఎవరి దగ్గరో చేస్తాడనుకున్నాను. కంపెనీ ఆయనదే అని తర్వాత ఎల్లారెడ్డి వెళ్లినప్పుడు తెలిసింది.

ఆయన షరతులు రెండు. ప్రతి లాటుకు ఒక నంబరు, అది ప్రతి బకెట్ మీదా పంచితో కొట్టాలి. ఏ బకెట్ ఏ రోజు ఏ రేకులోంచి వచ్చిందో అక్కడ చెప్పగలగాలి. రెండోది, అట్టపెట్టెకు యాభై. నలభై తొమ్మిది కాదు, యాభై ఒకటి కాదు. ప్రెస్సు కామారెడ్డిలో, అంచులు ఆకురాయితో నున్నగా రాకడం, నూనె తుడవడం, లెక్కపెట్టి పెట్టెల్లో సర్దడం ఎల్లారెడ్డిలో. అక్కడ ఒక పాత గోదాం కిరాయికి తీసుకున్నాడు.

"లెక్క మా అక్క జూస్తది" అన్నాడు.

వాళ్లక్క ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. ఆ డబ్బులతోనే తమ్ముణ్ని ఇంజనీరింగ్ చదివించింది. ఆమెతో పాటు ఆ వాడకట్టు నుంచే ఇంకో పదముగ్గురు ఆడవాళ్లు, అందరూ బీడీల చాట పక్కన పెట్టి వచ్చినవాళ్లే. ఇనుముకూ బీడీలకూ ఏం పొత్తు అని నేను నవ్వాను. మొదటి రోజే నా నవ్వు పోయింది. అక్క నాతో మాట్లాడుతూనే ఉంది, మొహం నా వైపే ఉంది, చేతులు బకెట్లు సర్దుతున్నాయి. మాట మధ్యలో చేతులు ఆగాయి. "ఇరవై ఐదు" అని, మళ్లీ మాట అందుకుంది. బీడీ కట్టకు ఇరవై ఐదు. ఆ వేళ్లకు ముప్పై ఏళ్లుగా ఎక్కడ ఆగాలో తెలుసు. రెండు సార్లు ఆగితే ఒక పెట్టె. పెట్టెలో పైన ఒక చీటీ: యాభై, కింద ఆమె సంతకం.

రెండు లాట్లు బాగా పోయాయి. 2012 ఎండాకాలంలో మూడోది, రెండు వేల బకెట్లు, నలభై పెట్టెలు. ఎల్లారెడ్డి నుంచి వచ్చి లారీ కోసం నా గోదాంలో ఒక పూట ఆగాయి. అక్కడే నాకు తెలివి పుట్టింది.

మూలన నలభై మూడు బకెట్లు మూడేళ్లుగా దుమ్ము తింటున్నాయి. దోమకొండ వైపు ఒక మిల్లుకు చవకగా కావాలంటే పలచని రేకుతో కొట్టించినవి. అచ్చు అదే, రేకు మాత్రం సన్నం. ఆ మిల్లువాడు వద్దన్నాడు. నేను ఆలోచించాను: ఇంత పెద్దమనిషి మూడేళ్లుగా అడిగినంత ఇస్తున్నాడు, ఒక్కసారైనా కొసరు పెట్టానా? మా తాత బతికి ఉంటే మొహం మీద ఉమ్మేవాడు. ఒక్కో పెట్టె టేపు కోసి, ఒక్కో బకెట్ పెట్టి, మళ్లీ అతికించాను. పెట్టెకొకటి ఎందుకంటే, విప్పిన ప్రతివాడూ సంతోషపడాలని. ఇంకో తెలివి కూడా చేశాను. వాటి మీద కూడా అదే లాటు నంబరు కొట్టించాను. పెళ్లికి పిలవని చుట్టమైనా మంచి బట్టలు కట్టుకుని రావాలి కదా.

ఆషాఢంలో ఫోన్ వచ్చింది. కొసరుకు షుక్రియా చెప్పడానికే అనుకుని ఎత్తాను.

"సేటూ, పెట్టెల యాభై ఒకటున్నయి" అన్నాడు. "చీటీల యాభై అని ఉంది. అక్క లెక్క తప్పిందా?"

"అక్క తప్పుతదా అన్నా? నేనే పెట్టిన. కొసరు."

అప్పుడు చెప్పాడు: అక్కడ పెట్టె విప్పిన ఒక ఆమె లెక్కపెట్టి, ఒకటి ఎక్కువ ఉందని చెయ్యెత్తిందట. లెక్క తక్కువైనా ఎక్కువైనా పని ఆపాలని వాళ్ల పద్ధతి. బకెట్లు బిగించే వరస మొత్తం ఆపారు. పదకొండు మంది ఊరికే నిలబడ్డారు. బయట గోధుమ కోతలు దగ్గరపడుతున్నాయి.

"ఆ ఎక్కువున్నయి గదే రేకుయేనా?"

"గదే అన్నా."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే నాకే నిజమనిపించింది. దుకాణంలో పెరిగినవాడికి ఆ ఒక్క విద్య అడక్కుండానే వస్తుంది.

మరునాడు మొదటి బస్సుకు అక్క దిగింది. స్టూలు వేస్తే కూర్చోలేదు. మా బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"సేటూ, నలభై పెట్టెలల్ల నలభై సార్లు నా చీటీ అబద్దమైంది. ఆడ నా పేరు సదివి ఏమనుకుంటున్నరో."

"నేనే పెట్టిన అని చెప్పిన గదక్కా. కొసరు."

"కొసరిచ్చుడు తప్పా ఏంది బిడ్డా?" అన్నాడు మా బాపు.

ఆమె ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "కార్ఖానల మున్షి గుడ గదే మాట అంటుండె పెదబాపూ. వెయ్యి బీడీలకు ఒక కట్ట పైన పెట్టు, కొసరు అంటుండె. ముప్పై ఏండ్లు పెట్టిన, దినాం. గా కట్టకు పైసల్లేవు, లెక్కల పేరు లేదు. మా తమ్ముడు పక్కన గూసోని సదువుకుంటనే సూస్తుండె. వాని ఫీజు కట్టేటప్పుడు గా కట్టలన్ని యాదికొస్తుండె."

"అక్కా, వాడు తీసుకున్నడు. నేను ఇచ్చిన."

"లెక్కల లేనిది ఎవలిచ్చినా, ఎవలు తీస్కున్నా, మోసేటోళ్లు వేరే ఉంటరు. గోదాం తెరువు."

తెరిచాను. మూలన మిగిలిన మూడు బకెట్లు ఉన్నాయి. ఆమె ఒకటి తీసి, గోటితో టంగుమని కొట్టింది. కొత్త లాటులోది ఇంకొకటి తీసి కొట్టింది. రెండు చప్పుళ్లూ నాకు కూడా వేరుగానే వినిపించాయి. మూడేళ్లుగా ఈ చప్పుడు నేను వినలేదంటే మీరు నమ్మనక్కర్లేదు.

"గివేనా?" అంది.

తల ఊపాను.

"ఫోన్ జెయ్యి. గవి మిషన్‌కు బిగించకముందే జెయ్యి. తమ్ముడు చెప్పిండు, పైన ఒక్కటి చినిగి పడ్డదంటె కింద మనుషులుంటరట."

చేశాను. చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు మాకు జవాబులుంటాయి. "నలభైయేనా?" అన్నాడు. నలభై. "పెట్టెకొకటేనా?" ఒకటే. "సరే, ఎతుకుతం" అని పెట్టేశాడు. నంబరు కూడా కొట్టించాను కాబట్టి చూసి కనిపెట్టే దారి లేదు. రెండు వేల నలభై బకెట్లనూ ఒక్కొక్కటి కొలిచి నలభై ఏరారట. పని ఆగిన పూటతో కలిపి మొత్తం రెండు రోజులు పట్టింది.

అక్క అక్కడి నుంచే ఎల్లారెడ్డి వెళ్లి షెడ్డుకు తాళం వేసింది. "నా చీటీకి ఇలువ లేనంక నేనేం రాయాలె?" అని. తొమ్మిది రోజులు తాళం తియ్యలేదు. పద్నాలుగు మంది ఆడవాళ్లు ఇంటి దగ్గర. అందులో ఇద్దరు మళ్లీ చాట ముందు కూర్చున్నారని విన్నాను. నా బకెట్లకంటే చవకగా ఇచ్చేవాళ్లు చైనాలో ఉన్నారని, వాళ్ల దగ్గరే కొందామని ఆయన మనుషులు అక్కడ ఒత్తిడి చేస్తున్నారని కూడా విన్నాను. షెడ్డు ఉంటుందా పోతుందా అన్నది నా తుప్పు కొసరు మీద వేలాడుతోంది.

పదో రోజు ఆయనే వచ్చి, కొలతలు అయ్యేదాకా అని అక్కతో తాళం తీయించి, బకెట్లు అందించడానికి ఆడవాళ్లను కూలికి పిలిపించాడు. తాడ్వాయి దాటినప్పటి నుంచి ఏం చెప్పాలో బస్సులో వల్లించుకుంటూ నేనూ ఎల్లారెడ్డి వెళ్లాను. చెప్పే అవసరం రాలేదు. షెడ్డులో సిద్ధంగా ఉన్న తర్వాతి లాటు ముందు రెండు పీటలు వేసి, ఒకదాని మీద ఆయన కూర్చుని, రెండోది నాకు చూపించాడు. రేకు మందం కొలిచే చిన్న పరికరం ఒకటి నా చేతిలో పెట్టాడు. బకెట్‌కు మూడు చోట్ల కొలవాలి, రాయాలి, పక్కన పెట్టాలి. రెండు వేల బకెట్లు. అంత పెద్ద కంపెనీ యజమాని నా పక్కన కూర్చుని వెయ్యి కొలిచాడు.

కొలుస్తూనే, నేను ఒకటొకటిగా అడుగుతుంటే చెప్పాడు. ఉద్యోగం కాగితం పట్టుకుని వెళితే రెండో నెలలోనే ఆ కంపెనీ మూతపడిందట. ట్రాక్టర్లు బాగుచేసే ఒక షెడ్డులో వెల్డింగ్‌కు కుదిరాడు. అక్కడి చలిలో వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుని ఊడుతుందట. అట్లాంటి చలిలో ఒక రైతు, ఒక్క బకెట్ ఊడిపోయి పంటంతా ఎక్కించలేక, మిషన్ ముందు నిలబడి ఏడవడం చూశాడు. ఖాళీ ఆవుల కొట్టం ఒకటి కిరాయికి తీసుకుని, ఏడాది పని చేసి, తన మొదటి మిషన్ కట్టాడు. దాంతో పాటు రైతుకు ఒక కాగితం రాసిచ్చాడు: ఒక్క బకెట్ ఊడినా నేనే వచ్చి పెడతాను.

"ఊడిందా?"

"ఊడింది. నాలుగొందల కిలోమీటర్లు, మంచుల. పోయి జూస్తె గాయినె బోల్టు ఇప్పి మల్ల సక్కగ బిగియ్యలే."

"మరి?"

"బిగించి వచ్చిన."

"ఒక్క గిన్నె కోసం అన్ని కిలోమీటర్లా? పెట్రోల్‌కెంతయింది అన్నా?"

అక్క పక్క నుంచి నవ్వింది. "జూసినవా, సేటుకు గాడనే నొప్పి లేసింది."

"గా లెక్క నేను ఎయ్యలే" అన్నాడు ఆయన. "ఏస్తె పోకపోదును."

ఆ రైతు ఇంకో పన్నెండు మంది రైతులకు చెప్పాడు. అక్కడి నుంచి ఇప్పుడు రెండు వందల పైచిలుకు మనుషులు పనిచేసే ఫ్యాక్టరీ. మధ్యాహ్నం లాప్‌టాప్‌లో ఒక వీడియో చూపించాడు. బయట నుంచి చూస్తే ఏడంతస్తుల గోపురంలాంటిది. లోపల పట్టా తిరుగుతోంది, దాని మీద వందల బకెట్లు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి, గోధుమలు పైనుంచి వానలా కురుస్తున్నాయి. కింద ఒక గూడ్సు రైలు, మన కామారెడ్డి స్టేషన్లో ఆగేదానికి రెండింతలు, ఒక్కో డబ్బా నిండి ముందుకు జరుగుతోంది. ఆయన ఒక చోట ఆపి వేలు పెట్టాడు. "గివి మనయి. రెండో లాటు." ఆడవాళ్లంతా లేచి చుట్టూ మూగారు. ఒకామె తెర మీద బకెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నేను చూస్తూ ఉండిపోయాను. నేను తొంభై ఐదు రూపాయలకు అమ్మి, పదిహేడు మిగిలిందని చేతులు దులుపుకున్న గిన్నె అది. అది ఎక్కడికి పోతుందో, ఎంత ఎత్తుకు ఎక్కుతుందో, దాని కింద ఎవరు నిలబడతారో నేనెప్పుడూ అడగలేదు. మాకు సరుకు గడప దాటితే కథ అయిపోయినట్టు. ఆయనకు అక్కడే మొదలవుతుంది. తుప్పు మేకులు కొసరు ఇచ్చి యాదిలో ఉంటామనుకున్న మా మూడు తరాల మీద నాకు ఆ మధ్యాహ్నం నవ్వు రాలేదు. అసలు నవ్వు రాకపోవడం నాకు అలవాటు లేదు.

రెండో రోజు కొలతలన్నీ అయ్యాయి. ఒక్కటి కూడా తేడా రాలేదు. నేను గొంతు సవరించుకున్నాను. "అన్నా, నష్టమెంతయిందో చెప్పున్రి. కడత. షెడ్డు మాత్రం ఉంచున్రి."

"నేను చెప్త, నువ్వు తగ్గియ్యమంటవు" అన్నాడు. "ఎవలెవలు ఎన్ని గంటలు ఊకె నిలవడ్డరో, ఎవలికెంత కట్టిన్నో కాయితం ఇస్త. బిల్లు నువ్వే రాయి. రాసి అక్కకియ్యి. అక్క ఒప్పుకుంటె మల్ల తాళం తీస్తది, లేకుంటె లేదు. నీ లాభం ఎంతని నిన్నే అడిగిన్నా లేదా? నష్టం గుడ నువ్వే చెప్పు."

మూడేళ్ల కింద వేసిన ముడిని ఆయన అట్లా బిగించాడు. నాతో నేనే బేరం ఆడుకోవాలి, ఎదురుగా ఎవరూ లేరు. అంత కష్టమైన గిరాకీ నాకెప్పుడూ తగల్లేదు.

అదే పీట మీద కూర్చుని మొదటి బిల్లు ముప్పై నాలుగు వేలకు రాశాను. అది ఆ లాటు మీద నా లాభమంతా. త్యాగం చేసినట్టు మొహం పెట్టి ఇచ్చాను. అక్క చదివి మడిచి తిరిగి ఇచ్చేసింది.

"గిది ధర చెప్పినట్టున్నది సేటూ. లెక్క చెప్పినట్టు లేదు."

రెండోది లక్షన్నరకు రాశాను. అసలు లెక్కలో దాదాపు సగం. సగానికి అడగడం చేతికి అలవాటైపోయింది. దాన్ని ఆమె చదవను కూడా లేదు, నా మొహం చూసి ఇచ్చేసింది. ఆ రాత్రే కామారెడ్డి వచ్చి, ఆయన ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని మూడోది రాశాను. మా బాపు అద్దాలు సవరించుకుని చదివాడు. "కింద నాలుగొందల ఏడు చిల్లర కొట్టెయ్యిరా, ఎవడైనా కొట్టేస్తడు" అన్నాడు. నా పెన్ను అక్కడి దాకా వెళ్లింది కూడా. కొట్టెయ్యలేదు.

మరునాడు మొదటి బస్సుకు తీసుకెళ్లి ఇస్తే, అక్క దాన్ని పైనుంచి కింది దాకా వేలు పెట్టి చదివి, కొంగుకున్న తాళంచెవి విప్పింది. ఆ పూటే పద్నాలుగు మందీ పనికి వచ్చారు, చాటల ముందు కూర్చున్న ఇద్దరితో సహా. ఆ తర్వాత లాట్లు పెరిగాయి. ఎనిమిది లాట్లు నేను లాభం ముట్టకుండా పంపాను, తొమ్మిదో దాంట్లో కూడా సగానికి పైగా పోయింది. 2014 ఎండాకాలంలో ఆఖరి కిస్తీ కట్టినప్పుడు అక్క నోట్లు లెక్కపెట్టింది, ఇరవై ఐదుకోసారి వేళ్లు ఆగుతూ. నేను చిల్లర కూడా ఎంచి పెట్టాను. ఆ బిల్లు ఇప్పటికీ మా క్యాలెండర్ మేకుకే వేలాడుతోంది:

కెనడాలో పదకొండు మంది, రెండు రోజుల కూలి: 1,90,080

మిషన్ కోసం ఎదురుచూసిన రైతు సంఘానికి ఆయన కట్టిన ఆలస్యపు జరిమానా: 81,000

ఎల్లారెడ్డి షెడ్డులో పద్నాలుగు మంది, తొమ్మిది రోజుల కూలి: 18,900

ఫోన్లు, కొరియర్: 427

కొసరు బకెట్లు నలభై, వాటి విలువ: సున్న

మొత్తం రెండు లక్షల తొంభై వేల నాలుగు వందల ఏడు రూపాయలు. ముట్టినవి.